తడిసిన తాడు

రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకోవడం చూసేవాళ్ళకు ఆటలాగే ఉంటుంది. పట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది దాని సంగతి. మద్దిగుంపు అనే ఆ గూడెంలో తాడు ఒక కొస చెట్టు మొదలుకు కట్టి ఉంటుంది, రెండో కొస మనిషి చేతిలో ఉంటుంది. బండి చప్పుడు వినగానే లాగి పట్టాలి, ఇచ్చేది ఇచ్చాక వదలాలి. పైగా అది నారతాడు. మధ్యాహ్నానికల్లా యశోద అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. అయినా ఆ కొస ఇంకొకరికి ఇవ్వలేదు. పోయినేడు చంకలో చంటిపిల్ల ఉందని ఎవరూ ఆమెను తాడు దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు పిల్లకు ఏడాదిన్నర. అత్త జంపక్క దగ్గర వదిలిపెట్టి, పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

భూమి పండుగ మూడు రోజులు. మొదటి రోజు పొద్దున పూజారి పగిడయ్య ఇంటింటి విత్తనాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి భూదేవి గద్దె దగ్గర పెట్టి, తలా కాసిని తిరిగి పంచి, మగవాళ్ళను వెంటబెట్టుకుని అడవిలోకి పోతాడు. మూడో రోజు మాపటికి వస్తారు. వేట అనేది ఇప్పుడు పేరుకే. ఎక్కువమంది సెల్‌ఫోన్లో ఫోటోలు వేటాడుకుని వస్తారు. ఖాళీ చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు కనుక ఆ మూడో రోజు కోసం ఆడవాళ్ళందరూ ఏడాదంతా ఎదురుచూస్తారు. ఈలోగా ఊరూ రోడ్డూ వాళ్ళవే. వచ్చిన బండినల్లా ఆపుతారు. రూపాయో, బెల్లం ముక్కో, చేతికందింది ఇస్తే చాలు. ఇచ్చినవాళ్ళ నుదుట పసుపు బొట్టు పెట్టి, గద్దె దగ్గరి విత్తనాలు నాలుగు చేతిలో పోసి పంపిస్తారు. పుచ్చుకుని ఊరుకోవడం ఈ పండుగలో లేదు.

మూడు గంటల వేళ తెల్లకారు వచ్చింది. అది వాగు అవతలి పామాయిల్ తోట భారతమ్మది. ముల్కలపల్లిలో ఇల్లు, వారానికి నాలుగుసార్లు తోటకు వస్తుంది. డ్రైవర్ రాజేష్ బండి ఆపి, నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టబోయాడు. వెనక సీటులోంచి ఆమె వద్దంది. అద్దం రెండు వేళ్ళ మందం దించింది.

"ఏంటిది? రోడ్డు మీ తాతలు వేయించారా?"

ఆ రోడ్డుకు రాళ్ళు కొట్టిన కూలీల్లో యశోద మామ ఒకడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ పండుగపూట ఎందుకని మింగేసింది. బొట్టు పళ్ళెం అద్దం దగ్గరికి పట్టింది.

"నాకు బొట్టు పెట్టడానికి నువ్వెవరివి?" అంది భారతమ్మ. "పనికి రమ్మంటే ఒళ్ళొంగదు. తాడు పట్టుకుని అడుక్కోవడానికి మాత్రం ఊరు ఊరంతా తయారు."

"అడుక్కుంటలేం అమ్మా. పండుగ."

అద్దం పైకి లేచింది. కారు వెనక్కి తిరిగి, పన్నెండు కిలోమీటర్ల చుట్టుదారి పట్టింది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. రెండు రూపాయల దగ్గర అంత పెట్రోలు తగలేసిందని ఒకామె, మొగుడు వెంకటప్పయ్యను కూడా ఇట్లాగే తిప్పుతుందేమోనని ఇంకొకామె. యశోద నవ్వలేదు. పోయిన వేసవిలో నలభై రోజులు ఆ తోటలో గెలల కింద రాలిన పళ్ళు ఏరింది తను. ఆమె కనీసం గుర్తుపట్టలేదు. పనికి పోయినప్పుడు వంగిన నడుమే చూసి ఉంటుంది, ముఖం ఎందుకు చూస్తుందని తనకు తనే చెప్పుకుంది. ఆ ఉక్రోషం చీకటిపడేదాకా దిగలేదు.

ఇంటికి వచ్చేసరికి జంపక్క పిల్లను ఒళ్ళో వేసుకుని గడపలో కూర్చుని ఉంది. పిల్లకు భార్గవి అని పేరు పెట్టింది అంగన్‌వాడీ టీచరు. జంపక్క నోరు తిరగక బాగ్గి అంటుంది. మధ్యాహ్నం తాగిన జావ అంతా కక్కిందట. మూడుసార్లు. దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కక్కింది. యశోద పిల్ల మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడి.

పిల్ల నీళ్ళచెంబు కేసి రెండు చేతులూ చాచింది. జంపక్క చెంబు తీసి తలుపు చాటున పెట్టింది.

"కక్కే కడుపుకు ఏం పొయ్యొద్దు. పోసినకొద్దీ కక్కుతది. ఆరనియ్యి."

ఐదుగురిని పెంచిన మనిషి. ఆమె మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. యశోద మగడు రమణ అడవిలో ఉన్నాడు, అక్కడ ఫోను పలకదు. పిల్ల నీళ్ళకోసం ఏడ్చి ఏడ్చి చివరికి ఏడవడం మానేసింది. నిమ్మళించిందని అత్త అంది, కోడలు నమ్మింది. అట్లా నమ్మినందుకు తర్వాత ఎన్నాళ్ళో తనను తాను తిట్టుకుంది.

*

పొద్దున ఆశా వర్కరు దుర్గ వచ్చేసరికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుర్గ ఆ గుంపు మనిషే. నాలుగిళ్ళ అవతల ఉంటుంది. సంచీ దించి, పిల్ల వేలు పొడిచి, రక్తం చుక్క పరీక్ష పట్టీ మీద వేసి, గడియారం చూసుకుంటూ కూర్చుంది. పొడిచినప్పుడు పిల్ల మూలిగింది గానీ కళ్ళల్లో నీళ్ళు రాలేదు. పట్టీ మీద ఒకటే గీత వచ్చింది. మలేరియా కాదు. జంపక్క రెండు చేతులెత్తి దండం పెట్టింది.

"గప్పుడే దండం పెట్టకు పెద్దమ్మా," అంది దుర్గ. "ఉచ్చ ఎప్పుడు పోసింది?"

అత్తా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిన్న మధ్యాహ్నం వాకిట్లో పోసింది. తర్వాత ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. దుర్గ పిల్ల పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని వదిలింది. అది ఒక లిప్తపాటు అట్లాగే నిలబడి, మెల్లగా సర్దుకుంది.

"పిల్ల ఎండిపోతుంది. నీళ్ళు ఎందుకు పొయ్యలే?"

యశోద తల వంచుకుంది. పోసినకొద్దీ కక్కుతుందని జంపక్క చెప్పింది. దుర్గ లీటరు బాటిల్లో కాచి చల్లార్చిన నీళ్ళు నింపించి, ఓఆర్ఎస్ ప్యాకెట్ చింపి పోసి, బాగా కలిపింది. జ్వరం మందు పట్టించి, గోరువెచ్చని నీళ్ళతో గుడ్డ తడిపి ఒళ్ళు తుడవమంది. తర్వాత స్టీలు చెంచా యశోద చేతిలో పెట్టింది.

"ఒక్క చెంచా పొయ్యి. నూరు లెక్కపెట్టు. మళ్ళ ఒక్క చెంచా. కక్కిందనుకో, పది నిమిషాలు ఆగు, మళ్ళ సురువు చెయ్యి. గలాస తోటి పోస్తే కక్కుతది, చెంచాతోటి పోస్తే కొంచెమన్న నిలుస్తది. ఆపొద్దు. మధ్యాహ్నం దాక ఉచ్చ పొయ్యకపోతే దవాఖానాకే."

ఇంకో రెండిళ్ళలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మొదటి వానకు బోరు చుట్టూ చేరిన మురుగు మీదే దుర్గ అనుమానం. ఆ ఇళ్ళకు పోవాలి, బోరు దగ్గరా చూడాలి. గంటగంటకూ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

యశోదకు లెక్క వచ్చింది బడిలో కాదు, బీడీలకు కోసే తునికాకు దగ్గర. యాభై ఆకులు ఒక కట్ట. కనుక నూరు అంటే ఆమెకు రెండు కట్టలు. చెంచా పిల్ల పెదవులకు ఆనించి, ఒక పక్కగా వంచి, మింగిన చప్పుడు విని, లెక్క మొదలుపెట్టేది. పెదవులు కదుపుతూ ఒక కట్ట, ఇంకో కట్ట. మళ్ళీ చెంచా. మొదటి ఐదు చెంచాలు నిలిచాయి. ఆరోది పోయగానే ఆ ఐదూ కలిపి కక్కేసింది. జంపక్క తలుపు చాటున ఉన్న చెంబు కేసి చూసింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పన్నెండు నిలిచాయి.

పదకొండు గంటలకు యశోద చెంచా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. జంపక్క లేచి, తలుపు చాటు నుంచి తను దాచిన చెంబు తీసుకొచ్చి పొయ్యి పక్కన ఎప్పటి చోట పెట్టింది. వచ్చి కోడలి ఎదురుగా చతికిలబడింది.

"ఇటియ్యి. నువ్వు లెక్కపెట్టు, నేను పోస్త."

అంతే అంది. నీళ్ళు దాచిన సంగతి ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. అత్త పోసింది, కోడలు లెక్కపెట్టింది. కక్కినప్పుడల్లా జంపక్క కొంగుతో మూతి తుడిచి, కసురుకున్నట్టుగా, కానియ్యి లెక్క అనేది.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. వాన వెలిసేసరికి రెండయింది. పిల్ల బట్ట పొడిగానే ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, పిలిస్తే రెప్ప సగం ఎత్తి మళ్ళీ దించేస్తోంది. చెంచా పెదవికి ఆనిస్తే నీళ్ళు పక్కనుంచి కారిపోతున్నాయి. దుర్గ వచ్చి చూసి, ఇక లెక్కలు చాలు, బయలుదేరమంది.

బయలుదేరడం ఎట్లా అన్నదే తేలలేదు. వాటర్ ట్యాంకు మెట్లెక్కితే ఫోను అందుతుంది. దుర్గ ఎక్కి అంబులెన్సుకు చేసింది. బండి ఇంకో కాన్పు కేసు మీద పోయింది, రెండు గంటలు పడుతుందన్నారు. రోజుకు మూడుసార్లు ఆ దారిన తిరిగే ఆటో మంగీలాల్‌ది. అతనికి చేసింది. అతను పాల్వంచలో ఉన్నాడు. గుంపుకొక తాడు కట్టి, పోయేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి ఆపుతుంటే తనకేం మిగులుతుందని, మూడు రోజులూ పెళ్ళి కిరాయి ఒప్పుకున్నాడు. ఆ సంగతి సిగ్గుపడుతూనే చెప్పాడు. గుంపులో మోటారు సైకిళ్ళు ఆరున్నాయి, తాళాలు మగవాళ్ళ మొలల్లో అడవిలో ఉన్నాయి.

యశోద పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. నిన్నంతా కేరింతలు కొట్టిన రోడ్డు ఖాళీగా ఉంది. పొద్దుట్నుంచి బండ్లు రాలేదని తాడు దగ్గరి ఆడవాళ్ళు చెప్పారు. అందరికీ తెలిసిపోయింది, ఈ మూడు రోజులు ఇటు రాకూడదని. మన దారి మనమే మూసుకున్నామని దుర్గ గొణిగింది. ముల్కలపల్లి పదకొండు కిలోమీటర్లు. యశోద నడక మొదలుపెట్టింది. జంపక్క వెనకే చెంబుతో బయలుదేరింది. చెట్టు దాటి పది అడుగులు వేశారో లేదో, తోట వైపునుంచి కారు చప్పుడు వినిపించింది.

భారతమ్మ పొద్దున చుట్టుదారిన తోటకు వెళ్ళింది, ఆ దారి వానకు కొట్టుకుపోయింది. తిరిగి వెళ్ళాలంటే మద్దిగుంపు తప్ప గతి లేదు. కారు తాడు దగ్గర ఆగింది. అద్దం నిన్నటిలాగే రెండు వేళ్ళు దిగింది. ఆ సందులోంచి మడిచిన నోటు ఒకటి బయటికి వచ్చింది. చెయ్యి కనపడింది, ముఖం లేదు.

యశోద వెనక్కి పరుగెత్తి వచ్చింది. నోటు ముట్టుకోలేదు.

"పైసలొద్దు అమ్మా. పిల్లను దవాఖానా దాక తీస్కపోండ్రి."

అద్దం కిందికి దిగింది. భారతమ్మ ముందు యశోదను చూసింది. నిన్నటి మనిషేనని గుర్తుపట్టింది, అది ఆమె ముఖంలో కనపడింది. తర్వాత ఆమె చూపు భుజం మీది పిల్ల మీదికి పోయింది. వేలాడుతున్న చెయ్యి మీద ఆగింది.

"ఎన్నాళ్ళయింది?"

"నిన్నటి సంది."

భారతమ్మ పక్కకు జరిగింది. జరిగి, సీటు మీద పాత పేపరు ఒకటి పరిచింది. "కక్కితే దీని మీద," అంది. యశోద పేపరు మీద కూర్చుంది. దుర్గ బాటిల్ లోపలికి అందించి, బండిలో కూడా ఆపొద్దని చెప్పింది. చెట్టు దగ్గర ఎవరో తాడు వదిలేశారు. జంపక్క చెంబుతో రోడ్డు మీదే నిలబడిపోయింది.

*

ఆ రోడ్డు మీద చెంచాతో నీళ్ళు పట్టడం అయ్యే పని కాదు. మొదటి గుంటకే సగం ఒలికింది. రెండో గుంటకు చెంచా చేతిలోంచి జారి సీటు కిందికి పోయింది. యశోద ఒంగి వెతుకుతుంటే భారతమ్మ టిఫిన్ క్యారియర్ విప్పి, తన చెంచా కొంగుతో తుడిచి ఇచ్చింది. బాటిల్ మూత తనే తీసి పట్టుకుంది.

"ఎంతసేపటికొకటి?"

"రెండు కట్టలకు."

ఏం కట్టలని అడిగింది. యశోద తునికాకు లెక్క చెప్పింది. కాసేపటికి భారతమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. నిన్న ఎందుకు చూపించలేదని, కన్నబిడ్డను ఇంట్లో పెట్టి రోడ్డు మీద ఏం చేస్తున్నారని మధ్యమధ్య తిట్టింది. తిట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. యశోదకు ఆ తిట్లు బరువనిపించలేదు. తిట్టే మనిషి బాటిల్ ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

ఊటగుంపు ఆడవాళ్ళు కారును చూసి తాడు లాగారు. కిటికీలోంచి యశోద ముఖం కనపడగానే వదిలేశారు. బండి ఆగకుండానే దాటింది. యశోదకు భయం రాళ్ళగుంపు గురించి. అక్కడ తాడు ముత్తక్కది. ముసలామె. కొస పట్టుకుని లాగే బలం లేదు, అందుకని రెండు వైపులా చెట్లకు కట్టేస్తుంది. ఇచ్చేది చేతిలో పడ్డాకే ఒక ముడి విప్పుతుంది. సొంత అల్లుడిని ఎండలో అరగంట నిలబెట్టిందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. పైగా, కట్టిన తాడు మూడో రోజు మాపటిదాకా తెగకూడదు. తెగితే అడవిలో ఉన్నవాళ్ళకు దారి తెగుతుందంటారు. ఆ మాట అందరికంటే ఎక్కువగా నమ్మేది ముత్తక్కే.

కారు ఆగేసరికి ఆమె చెయ్యి చాచుకుని వచ్చింది. యశోద దిగకుండానే పిల్లను కిటికీ దగ్గరికి ఎత్తి చూపించింది.

"ముత్తక్కా, పిల్ల కళ్ళు తెరుస్తలేదు."

ముసలామె చాచిన చెయ్యి అట్లాగే పిల్ల నుదుటి మీద వేసింది. వెంటనే చెట్టు దగ్గరికి పోయి ముడి పట్టుకుంది. ముడి రాలేదు. మధ్యాహ్నం వానకు నారతాడు ఉబ్బి, ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకింది, పళ్ళతో లాగింది. రాజేష్ దిగి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాడు. నార పోగులు లేచాయి గానీ ముడి కదలలేదు. అవతలి చెట్టు ముడి అంతకంటే మొండి. తడిసి బిగిసిన తాడు పైకి లేవదు, పక్కనుంచి పోదామంటే రెండు వైపులా కాలువలు నిండి పారుతున్నాయి. కారుతో గుద్ది తెంపేద్దామా అని రాజేష్ భారతమ్మను మెల్లగా అడిగాడు. ఆమె యశోద వైపు చూసింది. యశోద తాడు కేసి చూసింది. అడవిలో రమణ ఉన్నాడు. ముత్తక్క ఒక్కగానొక్క కొడుకూ ఉన్నాడు.

ఈలోగా ముత్తక్క ఇంటి చూరులోంచి కొడవలి లాక్కుని వచ్చింది. ఒక్కసారి అడవి వైపు తిరిగి ఏదో అనుకుంది. తాడు ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కొడవలి ఆనించి, మూడు లాగుళ్ళకు కోసేసింది. రెండు కొసలూ బురదలో పడ్డాయి.

"పోండ్రి, జల్దీ," అంది. కారు కదిలాక యశోద వెనక్కి తిరిగి చూస్తే ఆమె తెగిన కొసలు రెండూ చేతుల్లో పట్టుకుని రోడ్డు మధ్య నిలబడి ఉంది.

దవాఖానాలో డాక్టరమ్మ పిల్లను చూడగానే సెలైన్ పెట్టమంది. నర్సు రెండు చేతులకూ నరం వెతికి, దొరక్క, మూడోసారి కాలి దగ్గర పట్టుకుంది. సెలైన్ ఎక్కడం మొదలైంది. డాక్టరమ్మ కూడా దుర్గ అడిగిందే అడిగింది, ఉచ్చ పోసిందా అని. లేదంటే, పోసిన వెంటనే తనకు చెప్పమంది. కిడ్నీలు పనిచేస్తున్నాయో లేదో అప్పుడు తెలుస్తుందట, పొయ్యకపోతే కొత్తగూడెం పెద్ద దవాఖానాకు పంపాల్సి ఉంటుందట. యశోద ఆ తర్వాత సెలైన్ బాటిల్ కేసి చూడలేదు. పిల్ల కింద వేసిన బట్ట కేసి మాత్రమే చూసింది. నిమిషానికొకసారి చెయ్యి పెట్టి చూసింది. ప్రతిసారీ పొడిగానే తగిలింది.

భారతమ్మ దింపి వెళ్ళిపోతానంది. చీటీ రాయించడానికి రాజేష్‌ను పంపింది, అతను వచ్చేదాకా ఆగుతానంది. అతను వచ్చాక టీ తాగి రమ్మంది. టీ తాగి వచ్చాక కూడా బెంచీ మీదినుంచి లేవలేదు. తల నొప్పిగా ఉంది, కాసేపు కూర్చుంటానంది. ఎవరూ అడగకుండానే చెప్పింది.

దీపాలు వేసే వేళకు పిల్ల కళ్ళు తెరిచింది. జ్వరం కొంత జారింది. మంచం మీద ఉండనని ఒకటే నస. యశోద చీర అంతా కక్కుడు వాసన. కొళాయి దగ్గర కడుక్కుని రమ్మని నర్సు గదమాయించింది. పిల్లను ఎవరికి ఇవ్వాలో తెలియక అటూ ఇటూ చూసింది. భారతమ్మ సెలైన్ గొట్టం మెలిపడకుండా చూసుకుంటూ, పిల్లను అందుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఈసారి పేపరు పరచలేదు.

యశోద కొళాయి దగ్గర కొంగు పిండుతుంటే లోపలినుంచి కేక వినిపించింది. "అమ్మాయ్, ఇటు రా!" కొంగు వదిలేసి పరుగెత్తింది.

భారతమ్మ బెంచీ మీద బిగుసుకుని కూర్చుని ఉంది. పిల్ల ఆమె మెడ పట్టుకుని తాపీగా దిక్కులు చూస్తోంది. లేత నీలం గద్వాల చీర మీద తడి మోకాలిదాకా పాకి, అంచు దగ్గర బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

"కదిలితే ఆపేస్తుందేమోనని కదల్లేదు," అంది భారతమ్మ. "పొయ్యి తల్లీ, పొయ్యి. ఇంకా పొయ్యి."

నర్సు వచ్చి చూసి నవ్వింది, డాక్టరమ్మను పిలుచుకు రావడానికి తనే పోయింది. యశోద నేల మీద కూలబడి, ఆ తడిలో రెండు చేతులూ పెట్టి ఏడ్చింది. నిన్నటినుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. భారతమ్మ ఏడవొద్దనలేదు. తన కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతికింది, పొడిగా ఉన్న కొస దొరకలేదు.

*

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఇంటికి పొమ్మంది. చెంచా లెక్క ఇంకో రెండు రోజులు మానొద్దంది. గుమ్మం బయట మంగీలాల్ ఆటో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్ళి కిరాయి మధ్యలో వదిలేసి వచ్చాడట. దారంతా మాట్లాడకుండా, గుంటలు తప్పిస్తూ, పిల్లను కదపకుండా తీసుకొచ్చాడు. రాళ్ళగుంపు దగ్గర తాడు మళ్ళీ కట్టి ఉంది, నడుమ ఒక పెద్ద ముడితో. ముత్తక్క పిల్ల బుగ్గలు పుణికి, సంతోషించి, చెట్టు దగ్గరి జారుముడి లాగి దారి ఇచ్చింది. మీవాళ్ళు వచ్చారా అని అడిగింది. ఇంకా రాలేదేమో అంది యశోద. ముసలామె కళ్ళు అడవి వైపు పోయాయి. నిన్నటినుంచి అన్నం ముట్టలేదని పక్కింటామె చెప్పింది.

నాలుగు గంటలకు అడవి అంచున డోళ్ళు మోగాయి. వానకు తట్టుకోలేక ముందే వచ్చేశారు. మగవాళ్ళందరూ వచ్చారు, ముత్తక్క కొడుకుతో సహా. వాళ్ళ చేతుల్లో ఒక్క ఉడత కూడా లేదు. రమణ పిల్లను ఎత్తుకోబోతే యశోద మొదట కుండెడు పేడనీళ్ళు నెత్తిన కుమ్మరించి, తర్వాత జరిగిందంతా చెప్పింది. అతను పేడనీళ్ళతోనే వాకిట్లో కూర్చుండిపోయాడు. రాళ్ళగుంపుకు కబురు పోయింది. ముత్తక్క అప్పుడు తిన్నదట, రెండు పళ్ళేలు.

ఇక తాడు విప్పేయడమే మిగిలింది. విప్పేది యశోదే కావాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. పిల్లను చంకనేసుకుని ఆమె కొస పట్టుకుందో లేదో, తెల్లకారు వచ్చింది. ఆగకముందే అద్దం పూర్తిగా దిగింది.

"ఉచ్చ పోస్తోందా?" అంది భారతమ్మ.

"అవ్ అమ్మా. పొద్దుటి సంది నాలుగుమాట్లు."

కక్కడం ఆగిందా, జావ తాగిందా అని అడిగి, తల ఊపింది. రాజేష్ గేరు వేశాడు. తాడు దిగలేదు. ఆడవాళ్ళందరూ యశోదను చూశారు. తన చెయ్యి ఎందుకు బిగిసి ఉందో యశోదకు కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

"దించవేం?"

"మీరింక ఏమియ్యలే అమ్మా."

యశోద చెవులు వేడెక్కాయి. అయినా తాడు వదల్లేదు. బిడ్డను బతికించిన మనిషి అన్నది నిజమే, అందుకే ఈమెను బొట్టూ గింజలూ లేకుండా ఊరికే పంపించకూడదనిపించింది. రొండిన దోపుకున్న భారతమ్మ చెంచా తీసి, కడిగి తెచ్చానని అందించింది. భారతమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కారు తలుపు తీసుకుని కిందికి దిగింది. చెంచాను బొట్టు పళ్ళెంలో పెట్టింది.

"ఇదీ నేనిచ్చేది. చాలా?"

"చాలు."

భారతమ్మ తల కొంచెం వంచింది. యశోద పసుపులో వేలు ముంచి నుదుట బొట్టు పెట్టింది. పళ్ళెంలోంచి నాలుగు జొన్నగింజలు, రెండు కందిగింజలు తీసి అరచేతిలో పోసింది. వీటిని ఏం చెయ్యాలని ఆమె అడిగింది. మీ విత్తనాల్లో కలిపి చల్లుకోవాలని యశోద చెప్పింది. తమకున్నదంతా పామాయిలే, చల్లే విత్తనాలు లేవంది భారతమ్మ. గింజలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇంటి వెనక కాస్త చోటుందని, అక్కడ చల్లుతానని, కొంగు కొసన ముడి వేసుకుని కారెక్కింది.

యశోద తాడు వదిలింది. కారు దాటిపోయింది. పిల్ల ఇంకా పళ్ళెం కేసే చూస్తోంది. పసుపు మధ్య చెంచా మెరవడం చూసి, ఎవరూ లెక్కపెట్టకుండానే, నోరు పెద్దగా తెరిచి కూర్చుంది.